ఎనిమిది నిమిషాల కార్యక్రమం, పెట్టెల కొద్దీ కాగితాలు: ఆర్కైవ్స్‌లో నా అనుభవం

హిస్టరీలో పీహెచ్‌డీ అంటే ఏం చేస్తారు, నాలుగు పుస్తకాలు చదివి అయిదోది రాయడమే కదా అని మా చుట్టాల్లో చాలామంది అడిగారు, ఇంకా అడుగుతూనే ఉన్నారు. వైజాగ్ నుంచి అమెరికా వెళ్ళి యూరప్‌లో ఉన్న సమాధుల తోటల మీద రీసెర్చ్ ఏంటమ్మా, ఇంకేం దొరకలేదా అని మా పెదనాన్న అయితే మొహం మీదే అనేశారు. ఫోన్లో చెప్పబోతే సగంలోనే పెళ్ళి సంబంధాల టాపిక్‌కి వెళ్ళిపోతారు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా. ఆర్కైవ్స్‌కి వెళ్ళాలనుకునే మన స్టూడెంట్స్‌కి కూడా కాస్త పనికొస్తుందేమో.

నా టాపిక్ ఏంటంటే, రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి నలభై ఏళ్ళయ్యాక అమెరికా, వెస్ట్ జర్మనీ, ఫ్రాన్స్ నాయకులు ఆ యుద్ధంలో పోయినవాళ్ళ సమాధుల దగ్గర ఎవరి పక్కన ఎవరు నిలబడాలో ఎలా తేల్చుకున్నారు అని. వినడానికి ఏదో ప్రోటోకాల్ వ్యవహారంలా ఉంటుంది. కానీ 1985 మే 5న అమెరికా ప్రెసిడెంట్ రీగన్ వెస్ట్ జర్మనీలో బిట్‌బుర్గ్ అనే చిన్న ఊళ్ళో, కోల్మెస్‌హోయె అనే జర్మన్ సైనికుల సమాధుల తోటకి వెళ్ళి, ఆ దేశ ఛాన్సలర్ (ప్రధాని లాంటి పదవి) హెల్ముట్ కోల్ పక్కన నిలబడి, ఒక పుష్పగుచ్ఛం పెట్టి వచ్చాడు, మొత్తం ఎనిమిది నిమిషాలు, దానికి ముందు మూడు వారాలపాటు అమెరికా అట్టుడికిపోయింది. ఎందుకంటే అక్కడున్న దాదాపు 2000 సమాధుల్లో 49 వాఫెన్ ఎస్‌ఎస్ వాళ్ళవి. నాజీ క్యాంపులు నడిపిన హిట్లర్ ఎస్‌ఎస్ ఉంది కదా, దాని సాయుధ విభాగం.

అసలు కథ ఒక ఏడాది ముందు మొదలైంది. 1984 జూన్ 6న ఫ్రాన్స్ తీరంలోని నార్మండీలో డీ డే, అంటే 1944లో మిత్రదేశాల సైన్యాలు హిట్లర్ సైన్యం మీదకి అక్కడ దిగిన రోజుకి 40 ఏళ్ళ పండగ. రీగన్, ఫ్రాన్స్ ప్రెసిడెంట్ మిత్తెరాఁ, బ్రిటన్ రాణి, కెనడా ప్రధాని అందరూ ఉన్నారు, కోల్ లేడు. ఆలోచించండి, అప్పటికి వెస్ట్ జర్మనీ నేటోలో చేరి దాదాపు ముప్ఫై ఏళ్ళు, సోవియట్లకి ఎదురుగా ముందు వరసలో ఉన్నది వాళ్ళే, అయినా పాత యుద్ధం వేడుకలో మాత్రం గేటు బయటే. మిత్తెరాఁ ఆ సెప్టెంబర్ 22న కోల్‌ని వెర్దున్‌కి పిలిచి, మొదటి యుద్ధంలో పోయినవాళ్ళ ముందు ఇద్దరూ చేతులు పట్టుకుని నిలబడ్డారు, ఆ ఫోటో మీరూ చూసే ఉంటారు. నవంబర్ 30న కోల్ వాషింగ్టన్ వెళ్ళినప్పుడు, ఇలాంటిదే మీతో కూడా ఒకటి ఉండాలని రీగన్‌ని అడిగాడు. రీగన్ కాదనలేని పరిస్థితి, ఎందుకంటే అంతకు ఏడాది ముందే, 1983 నవంబర్‌లో, లక్షలమంది రోడ్ల మీదకొచ్చి వద్దంటున్నా కోల్ ప్రభుత్వం పార్లమెంట్‌లో నెగ్గించుకుని అమెరికా పెర్షింగ్ 2 మిసైళ్ళని జర్మనీ గడ్డ మీద పెట్టనిచ్చింది. ఆ బాకీ తీర్చాలి. బాకీ తీర్చిన చోటు సమాధుల తోట. ఇది నాకు మొదటిసారి తట్టినప్పుడు రాత్రి నిద్ర పట్టలేదు, టాపిక్ దొరికేసింది అని.

సరే, పని ఎలా జరిగిందో చెప్తా. మొదట కొన్నాళ్ళు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ప్రెసిడెంట్లు బయట మాట్లాడిన ప్రతి మాటా అచ్చులో ఉంటుంది, ఇంట్లో కూర్చునే చదవొచ్చు. రిటైరైన అమెరికన్ డిప్లొమాట్ల ఇంటర్వ్యూలు వందల కొద్దీ ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉన్నాయి, ఇంటర్నేషనల్ రిలేషన్స్ చదివేవాళ్ళకి బంగారు గని, మన దగ్గర ఎవరూ వాడుతున్నట్టు కనపడదు. అవి చదువుతుంటే అర్థమైందేంటంటే పెద్దాయన ఏం చెప్పాడనేది ఎవరికైనా దొరుకుతుంది, ఆ మాట ఆయన నోటికి ఎలా చేరింది, ఆ చోటు ఎవరు ఎంచారు, టైమ్ ఎవరు పెట్టారు, లిస్టులోంచి ఎవరి పేరు ఎవరు కొట్టేశారు, ఇవి కావాలంటే మాత్రం పెట్టెలు తెరవాల్సిందే.

మొదటి పెట్టెలు మేరీలాండ్‌లోని కాలేజ్ పార్క్‌లో, అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ రెండో బిల్డింగ్. పాస్‌పోర్ట్ చూపిస్తే, చిన్న ఓరియెంటేషన్ పూర్తి చేస్తే రీసెర్చర్ కార్డ్ ఇస్తారు, ఏడాది పనిచేస్తుంది, డబ్బులు తీసుకోరు, ఏ దేశం వాళ్ళైనా సరే. ఇది నాకు చాలా ఆశ్చర్యం. మన దగ్గర లెటర్ ఏది, సంతకం ఏది, స్టాంప్ ఏది అని తిప్పే అలవాటు ఉన్న ప్రాణానికి అంత ఈజీగా లోపలికి రానిస్తే ఏదో మర్చిపోయినట్టు అనిపిస్తుంది. బ్యాగు, కోటు, పెన్ను అన్నీ లాకర్‌లో. లోపలికి ల్యాప్‌టాప్, ఫోను, కెమెరా ఓకే, ఫ్లాష్ వద్దు. రాసుకోవాలంటే పెన్సిలే, అది కూడా వాళ్ళే ఇస్తారు. టేబుల్ మీద ఒక్క పెట్టె, అందులోంచి ఒక్క ఫోల్డర్, ఆ ఫోల్డర్ ఉన్న చోట ఒక అట్ట పెట్టాలి, కాగితాల వరస మారకూడదు. వెళ్ళేటప్పుడు మన కాగితాలు కూడా చెక్ చేస్తారు.

కావాల్సిన పెట్టె పేరు పెట్టి అడగడమే కష్టం. అక్కడ సబ్జెక్ట్‌ల వారీగా ఉండదు, ఏ ఆఫీస్ కాగితం ఆ ఆఫీస్ పేరు కింద ఉంటుంది, వాటికి రికార్డ్ గ్రూప్ నెంబర్లు. స్టేట్ డిపార్ట్‌మెంట్ 59, సైన్యం సామాన్లూ సమాధులూ చూసిన క్వార్టర్‌మాస్టర్ 92, విదేశాల్లో సమాధుల తోటలు చూసే అమెరికన్ బ్యాటిల్ మాన్యుమెంట్స్ కమిషన్ 117. ఏ పని ఎవరు చేశారో ముందే తెలిస్తే తప్ప ఏమీ దొరకదు అన్నమాట. నాకు దారి చూపించింది అక్కడ కౌంటర్‌లో కూర్చునే పెద్దవయసు ఆర్కైవిస్ట్ ఒకాయన, ఆయన పది నిమిషాలు మాట్లాడితే నాకు నెల పని తగ్గేది. వెళ్ళేవాళ్ళకి నా సలహా ఇదే, కంప్యూటర్ వదిలేసి మనుషుల్ని అడగండి, అదీ వెళ్ళేముందే మెయిల్ పెట్టి.

117 నేను మొక్కుబడిగా తీయించుకున్నా, రెండు రోజుల్లో తేలిపోతుందనుకుంటే అక్కడే ఇరుక్కుపోయా. ఆ కమిషన్‌ని 1923లో పెట్టారు, మొదటి ఛైర్మన్ జనరల్ పెర్షింగ్, మొదటి ప్రపంచ యుద్ధంలో యూరప్‌లో అమెరికన్ సైన్యాన్ని నడిపినాయన. అవును, 1983లో జర్మనీలో పెట్టిన మిసైల్‌కి పెట్టింది కూడా ఈయన పేరే. సమాధుల కమిషన్‌కి మొదటి ఛైర్మనూ ఆయనే, ఆ బాకీ తెచ్చిపెట్టిన మిసైలూ ఆయన పేరుదే, నేను ఇది మా అడ్వైజర్‌కి చెప్తే ఆవిడ నవ్వి, బాగుంది కానీ దీంతో ఏం నిరూపిస్తావ్ అంది. ఏం నిరూపించలేను, ఫుట్‌నోట్‌లో పెట్టా.

ఆ సమాధుల వెనక పద్ధతి మన వాళ్ళకి తెలియదు అనుకుంటా. యుద్ధం అయ్యాక 1947 నుంచి 1951 దాకా అమెరికా ప్రభుత్వం చనిపోయిన ప్రతి సైనికుడి ఇంటికీ కాగితం పంపింది, మీవాడి అస్థికల్ని ఇంటికి తెమ్మంటారా, అక్కడే శాశ్వతంగా ఉంచమంటారా అని. దాదాపు అరవై శాతం మందిని ఇళ్ళకి తెప్పించుకున్నారు. మిగతావాళ్ళు అక్కడే ఉండిపోయారు, అందుకే ఇప్పుడు నార్మండీలో ఒమాహా బీచ్ పైన కొల్‌విల్‌లో 9,380కి పైగా తెల్ల పాలరాయి శిలువలు, యూదు సైనికులకైతే దావీదు నక్షత్రాలు కనిపిస్తాయి. ఇండియాలో పాతిపెట్టిన అమెరికన్లని మాత్రం అక్కడ ఉంచలేదు, యుద్ధం తర్వాత తీసుకెళ్ళిపోయారు, కొందరు ఇళ్ళకి, కొందరు హవాయిలోని పెద్ద తోటకి. ఇంకోటి, ఆ తోటలు అమెరికా నేల అని చాలామంది అనుకుంటారు, టూర్ గైడ్లు కూడా చెప్పేస్తుంటారు, కాదు. ఆ దేశమే స్థలాన్ని ఉచితంగా, శాశ్వతంగా వాడుకోడానికి ఇచ్చింది, నేల మాత్రం ఫ్రాన్స్‌దే, నెదర్లాండ్స్‌దే.

ఒక్కో సైనికుడికి ఒక్కో ఫైల్ ఉంది, అది మిలటరీ సర్వీస్ ఫైల్ కాదు, చావుకి సంబంధించినది. సర్వీస్ ఫైళ్ళు సెయింట్ లూయిస్‌లో 1973 జూలైలో జరిగిన అగ్నిప్రమాదంలో కోటిన్నరకి పైగా తగలబడిపోయాయి, ఈ చావు ఫైళ్ళు మిగిలాయి. వాటిలో ఏముంటాయంటే పళ్ళ చార్ట్, జేబులో దొరికిన వస్తువుల లిస్టు, ఇంటివాళ్ళతో నడిచిన ఉత్తరాలు. తల్లీ భార్యా వేరు వేరుగా రాసేవాళ్ళు, ఎవరి మాట చెల్లాలి అనేదానికి కూడా రూల్ ఉంది, భార్య మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆ హక్కు పోతుంది, తర్వాతి వరసకి వెళ్తుంది. నా థీసిస్‌కి ఇవి నేరుగా అక్కర్లేదు. అయినా చదివా. ప్రెసిడెంట్ వెళ్ళి నిలబడే ఆ అందమైన లైన్లన్నీ ముందు కొన్ని లక్షల ఇళ్ళల్లో వంటగది బల్ల మీద నింపిన ఫారాలు అని తెలిశాక డీ డే స్పీచ్‌లు వేరేగా వినపడటం మొదలైంది.

తర్వాత కాలిఫోర్నియా, సిమి వ్యాలీ, రీగన్ లైబ్రరీ. కొండ మీద ఉంటుంది, టూరిస్టులకి ప్రెసిడెంట్ విమానం, బెర్లిన్ గోడ ముక్క, రీగన్ సమాధి, అన్నీ అక్కడే. మనం మాత్రం పక్కదారిలో రీసెర్చ్ రూమ్‌కి. సమాధుల మీద పనిచేస్తూ ఒక సమాధి ఉన్న ఆవరణలోనే లంచ్ చేయడం కొంచెం వింతగానే ఉండేది, కానీ క్యాంపస్ మొత్తంలో నీడ బాగుండే చోటు అటువైపే, ఏం చేస్తాం.

వైట్ హౌస్ కాగితాలు రెండు రకాలుగా ఉంటాయి. ఒకటి, ఒక్కో ఉద్యోగి పేరు మీద ఉన్న పెట్టెలు, అంటే స్పీచ్ రైటర్లవి, ముందుగా వెళ్ళి చోటు చూసొచ్చే అడ్వాన్స్ టీమ్‌వి, నేషనల్ సెక్యూరిటీ కౌన్సిల్‌లో యూరప్ చూసేవాళ్ళవి. రెండోది సెంట్రల్ ఫైలింగ్, దానికి అక్షరాల కోడ్‌లు, ప్రయాణాలకి టీఆర్, దేశాలకి సీఓ అలా. 1978లో చేసిన చట్టం ప్రకారం రీగన్ నుంచి మొదలుపెట్టి ప్రెసిడెంట్ల కాగితాలు వాళ్ళ సొంతం కాదు, దేశానివి, దిగిపోయిన అయిదేళ్ళకి ఎవరైనా సమాచార హక్కు కింద అడగొచ్చు. అడగొచ్చు అంటే వెంటనే ఇస్తారని కాదు. ప్రతి కాగితాన్నీ ఎవరో ఒకరు చదివి, దేశ భద్రతకి ఇబ్బంది లేదు, ఎవరి ప్రైవసీ పోదు అని తేల్చాలి. తేలనివి ఫోల్డర్‌లోంచి తీసేసి, దాని బదులు ఫలానా తేదీ, ఫలానా వాళ్ళు ఫలానా వాళ్ళకి, ఇన్ని పేజీలు అని ఒక షీట్ పెడతారు. ఆ షీట్లని మొదట్లో తిట్టుకునేదాన్ని. తర్వాత వాటితోనే ఒక ఎక్సెల్ చేసుకున్నా, ఎందుకంటే కాగితం లేకపోయినా తేదీలు ఉన్నాయి, ఏప్రిల్ రెండో వారం తర్వాత ఎవరి నుంచి ఎవరికి మెమోలు కుప్పలుగా వెళ్ళాయో ఆ ఖాళీలే చెప్పేస్తాయి. కొన్నిటిని మళ్ళీ పరిశీలించమని అప్లికేషన్ పెట్టా. కొన్ని వచ్చాయి, కొన్ని ఇంకా క్యూలో ఉన్నాయి, వచ్చేసరికి నాకు ఉద్యోగం వస్తుందో లేదో.

ఆ పెట్టెల్లో నాకు బాగా నచ్చేవి షెడ్యూల్ కాగితాలు. 1984లో నార్మండీలో పాయింట్ డ్యూ ఆక్ అనే కొండ అంచున రీగన్ ఇచ్చిన స్పీచ్ చాలా ఫేమస్, డీ డే నాడు 225 మంది రేంజర్లు (ప్రత్యేక శిక్షణ ఉన్న అమెరికన్ సైనికులు) తాళ్ళతో వంద అడుగుల రాతి గోడ ఎక్కిన చోటు, రెండు రోజుల పోరు తర్వాత వాళ్ళలో దాదాపు 90 మందే ఆయుధం పట్టే స్థితిలో మిగిలారు. ఆ ముసలి రేంజర్లని ఎదురుగా కూర్చోబెట్టి, వెనక సముద్రం పెట్టి మాట్లాడాడు, ఇప్పుడు చూసినా గొంతు పట్టేస్తుంది. ఆ కార్యక్రమం ఫ్రాన్స్ టైమ్ మధ్యాహ్నం ఒకటిన్నర దగ్గర్లో పెట్టారు, అంటే అమెరికా తూర్పు తీరంలో ఉదయం ఏడున్నర అవబోతుంది, టీవీల్లో మార్నింగ్ షోలు నడుస్తుంటాయి. అది ఎలక్షన్ సంవత్సరం. నేను రీగన్ నటించాడు అనడంలేదు, ఆ ముసలివాళ్ళ కన్నీళ్ళు అబద్ధం కాదు, కానీ టైమ్ కుదిర్చినవాడు ఒకడున్నాడు, వాడికీ ఒక మెమో ఉంది. నా దృష్టిలో ఈ రెండూ కలిపి చెప్పగలిగితేనే అది హిస్టరీ, ఒకటే చెప్తే భజన, రెండోదే చెప్తే వెటకారం.

బిట్‌బుర్గ్ పెట్టెలు దీనికి పూర్తిగా తిరగబడ్డ బొమ్మ. పాయింట్ డ్యూ ఆక్ కుదిర్చిన ఆఫీసే, అడ్వాన్స్‌కి వెళ్ళిన అదే రకం మనుషులే, రీగన్ దగ్గరి సహాయకుడు మైఖేల్ డీవర్ టీమ్ 1985 ఫిబ్రవరిలో వెళ్ళినప్పుడు సమాధి రాళ్ళ మీద మంచు కప్పేసి ఉంది. అక్కడి రాళ్ళు నిలబడి ఉండవు, నేలమట్టంగా పరిచి ఉంటాయి. ఏప్రిల్ 11న వైట్ హౌస్ ప్రకటించింది, కొద్ది రోజుల్లోనే రిపోర్టర్లు వెళ్ళి ఎస్‌ఎస్ పేర్లు చదివేశారు. అంతకుముందే మార్చి 21 ప్రెస్ మీట్‌లో రీగన్ నాజీలు జనాన్ని బంధించి చంపిన కాన్సంట్రేషన్ క్యాంపుకి వెళ్ళనని, పాత గాయాలు కెలకడం ఎందుకన్నట్టు చెప్పి ఉన్నాడు. ఏప్రిల్ 18న ఇంకో అడుగు ముందుకేసి, ఆ సమాధుల్లో ఉన్న కుర్రాళ్ళు కూడా క్యాంపుల్లో చచ్చినవాళ్ళలాగే నాజీయిజానికి బాధితులే అనేశాడు. మర్నాడే, చూడండి ఎలా కుదిరిందో, ఆష్విట్జ్ నుంచి బతికి బయటపడ్డ ఎలీ వీజెల్‌కి వైట్ హౌస్‌లో మెడల్ ఇచ్చే కార్యక్రమం, టీవీలో లైవ్. ఆయన మెడల్ తీసుకుని, చాలా మర్యాదగా, అది మీరు ఉండాల్సిన చోటు కాదు, మీ చోటు బాధితుల పక్కన అని ప్రెసిడెంట్ మొహం మీదే చెప్పాడు. ఆ వీడియో వెతికి చూడండి, రీగన్ మొహం చూడండి.

మాజీ సైనికుల సంఘం అమెరికన్ లీజియన్ వద్దంది, సెనేట్ వద్దంది, ప్రతినిధుల సభలో చాలామంది సభ్యులు ఆ ఆహ్వానం వెనక్కి తీసుకోమని కోల్‌కే ఉత్తరం రాశారు. కోల్ మాత్రం ఉత్తరం రాశాడు, ఫోన్ చేశాడు, వెనక్కి తగ్గొద్దన్నాడు. కోల్ అన్న ఆ యుద్ధంలోనే పోయాడు, యుద్ధం ముగిసేసరికి తనకి పదిహేనేళ్ళు, అతనికి ఇది ఉత్త ప్రోటోకాల్ అని నేను అనుకోను. చివరికి ఏం చేశారంటే రద్దు చేయకుండా దాని చుట్టూ వేరేవి పేర్చారు. పొద్దున వెస్ట్ జర్మనీ మొదటి ఛాన్సలర్ ఆడెనవర్ సమాధి, తర్వాత బెర్గెన్ బెల్జెన్ క్యాంపు, అక్కడ పెద్ద స్పీచ్, ఆ తర్వాత బిట్‌బుర్గ్‌లో స్పీచ్ లేకుండా ఎనిమిది నిమిషాలు, వెంటనే పక్కనున్న అమెరికన్ ఎయిర్ బేస్‌లో ఇంకో స్పీచ్. సమాధుల తోటలో చేతులు కలిపింది కూడా రీగన్, కోల్ ఇద్దరూ కాదు. నార్మండీలో 82వ ఎయిర్‌బోర్న్ అనే పారాట్రూపర్ల డివిజన్‌ని నడిపిన జనరల్ రిడ్జ్‌వే, అప్పటికి తొంభై ఏళ్ళు, జర్మన్ ఫైటర్ పైలట్ యోహన్నెస్ స్టైన్‌హోఫ్‌తో కలిపాడు. స్టైన్‌హోఫ్ 1945లో విమానం కూలి మొహమంతా కాలినవాడు, తర్వాత నేటో మిలటరీ కమిటీకి ఛైర్మన్ అయినవాడు. మొత్తం నలభై ఏళ్ళ కూటమి చరిత్రని ఒక షేక్‌హ్యాండ్‌లో ఇరికించారు.

వీటితోపాటు జనం రాసిన ఉత్తరాలు కూడా ఉంటాయి, వాటికి ప్రిపేర్ అవ్వకుండా వెళ్ళొద్దు. యుద్ధంలో ఉన్న అమెరికన్లు, క్యాంపుల నుంచి బతికినవాళ్ళు, జర్మన్ మూలాలున్న అమెరికన్లు, వెళ్ళండి అనేవాళ్ళు, వద్దు అనేవాళ్ళు, అందరూ తమ ఇంట్లో పోయినవాళ్ళ పేర్లతో రాశారు. నాకు వాటి మధ్యలో మా ముత్తమ్మమ్మ గుర్తొచ్చేది. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళు వైజాగ్ మీద బాంబులేసినప్పుడు ఊరు ఖాళీ అయిపోయింది, మావాళ్ళు బండి కట్టుకుని లోపలి ఊళ్ళకి పోయారు, మా ఇంట్లో ఇప్పటికీ కథ అంతా బండి ఎవరు ఇచ్చారు, ఎవరు ఇవ్వలేదు అనేదాని చుట్టూనే తిరుగుతుంది. ఆ ఇవ్వనివాళ్ళతో మాకు ఇప్పటికీ మాటల్లేవు. యుద్ధం జ్ఞాపకం అంటే ప్రెసిడెంట్లది మాత్రమే కాదు మరి.

యూరప్ వెళ్ళడానికి షెంగెన్ వీసా. అమెరికన్ క్లాస్‌మేట్లు టికెట్ కొనుక్కుని వెళ్ళిపోతారు, మన పాస్‌పోర్ట్‌కి బ్యాంక్ స్టేట్‌మెంట్, 30,000 యూరోల ఇన్సూరెన్స్, యూనివర్సిటీ లెటర్, ఆర్కైవ్ నుంచి వచ్చిన మెయిల్ ప్రింటవుట్, హోటల్ బుకింగ్, తిరిగి అమెరికాలోకి రానిచ్చేలా కాలేజ్ ఫారం మీద సంతకం, అన్నీ కావాలి. కౌంటర్లో ఆవిడ పర్పస్ ఆఫ్ విజిట్ దగ్గర ఆగి, సమాధులా, మీ బంధువులా అంది. కాదు మేడమ్, రీగన్ అన్నా. ఇంకేం అడగలేదు, స్టాంప్ కొట్టేసింది.

కోబ్లెంజ్‌లో జర్మనీ ఫెడరల్ ఆర్కైవ్స్‌లో ఛాన్సలర్ ఆఫీస్ ఫైళ్ళు ఉంటాయి, బెర్లిన్‌లో విదేశాంగ శాఖకి సొంత ఆర్కైవ్ ఉంది. మామూలుగా ముప్ఫై ఏళ్ళు దాటితే తెరుస్తారు, కాబట్టి 1985వి ఇప్పుడు చూడొచ్చు. జర్మన్ ఫైళ్ళ అందం ఏంటంటే రంగులు. మంత్రి పచ్చ ఇంకుతోనే రాస్తాడు, స్టేట్ సెక్రటరీ ఎర్ర ఇంకుతో, ఇంకెవరూ ఆ రంగులు వాడకూడదు. కాగితం పక్కన గీత చూస్తే చాలు, ఎంత పైదాకా వెళ్ళిందో తెలిసిపోతుంది. మన గెజిటెడ్ ఆఫీసర్ల పచ్చ సంతకం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకి ఈ సంగతి ఎక్కడం కష్టం కాదు, నాకైతే ఒక్క పూటలో అలవాటైపోయింది, పక్క టేబుల్ కెనడా అబ్బాయి మాత్రం ప్రింటర్ లోపం అనుకున్నాడంట. నల్ల తెలుపు స్కాన్లు తీసుకుంటే ఇదంతా పోతుంది, కలర్‌లోనే తీసుకోండి. చేతిరాత చదవడానికి మాత్రం నా జర్మన్ సరిపోలేదు, ఒక రిటైర్డ్ స్కూల్ టీచర్ గారు గంటకింత అని తీసుకుని చదివిపెట్టారు.

అక్కడి నుంచి ట్రియర్, ట్రియర్ నుంచి బస్సులో బిట్‌బుర్గ్. ఊరంతా బీర్ ఫ్యాక్టరీ బోర్డులే. 1944 క్రిస్మస్ ముందు రోజు అమెరికన్ విమానాలు ఈ ఊరిని దాదాపు నేలమట్టం చేశాయి, కొన్నేళ్ళకే అదే అమెరికన్లు పక్కన ఎయిర్ బేస్ కట్టుకుని కాపురం పెట్టారు, 1994లో మూసేశారు. బేకరీలో ఒక పెద్దావిడతో నా వచ్చీరాని జర్మన్‌లో మాట్లాడితే, అమెరికన్లు వెళ్ళిపోయాక వ్యాపారాలు పడిపోయిన సంగతి అరగంట చెప్పింది, రీగన్ సంగతి అడిగితే ఆ వారం ఎక్కడ చూసినా రిపోర్టర్లే, పార్కింగ్ లేదు అంది, అంతే. నేను నోట్స్‌లో రాసుకున్నా. నిజానికి అది పనికొచ్చే సమాచారమే, ప్రపంచమంతా ఆ ఊరి పేరుతో కొట్టుకుంటుంటే ఊరివాళ్ళకి తమ పేరు అలా వాడుకోవడం మీద కోపం ఉండేదని పేపర్లలో కూడా ఉంది.

అక్కడికి గంట దూరంలో లక్సెంబర్గ్, హామ్ అనే చోట అమెరికన్ సమాధుల తోట, జనరల్ పాటన్ సమాధి కూడా అక్కడే, 5,000కి పైగా తెల్ల రాళ్ళు. దానికి నడిచి వెళ్ళేంత దూరంలో సాండ్‌వైలర్ జర్మన్ తోట, పదివేలకి పైగా మనుషులు, ముదురు రంగు పొట్టి శిలువలు, ఒక్కో రాయికి ఒకటి కంటే ఎక్కువ పేర్లు, చెట్ల నీడ. అమెరికన్ దాంట్లో టూరిస్ట్ బస్సులు, జర్మన్ దాంట్లో నేను, గడ్డి కోసే ఆయన. రెండూ ఒకే రోజు చూడమని ఎవరికైనా చెప్తా, పుస్తకాల్లో పది పేజీలు చదివినా ఇది అర్థం కాదు. నెదర్లాండ్స్‌లో మార్‌గ్రాటెన్ ఇంకో రకం, అక్కడి 8,000కి పైగా అమెరికన్ సమాధుల్ని 1945 నుంచి చుట్టుపక్కల కుటుంబాలు దత్తత తీసుకుని చూసుకుంటున్నాయి, పూలు పెడతాయి, అమెరికాలో ఉన్న ఆ ఇంటివాళ్ళకి ఉత్తరాలు రాస్తాయి, వెయిటింగ్ లిస్ట్ కూడా ఉంది. ఆ గోతులు వానలో బురదలో తవ్వినవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి సైనికులు, అప్పటి అమెరికన్ సైన్యంలో తెల్లవాళ్ళతో కలిసి పనిచేయనివ్వక వేరు యూనిట్లలో పెట్టినవాళ్ళు. ఆ సంగతి చాలా ఏళ్ళు ఎవరూ ఎత్తలేదు. ప్రభుత్వాలు ఏం చేసుకున్నా ఈ మార్‌గ్రాటెన్ లాంటిది ఇంకో దారిలో నడిచింది అనేది నా మూడో చాప్టర్.

రాయడం గురించి తక్కువే చెప్తా, ఎందుకంటే అది కూర్చోవడమే. మా అడ్వైజర్ ఒక్కటే పట్టుకుంటుంది, అమెరికా నిర్ణయించింది, జర్మనీ భావించింది అని రాస్తే పక్కన ఎవరు, ఏ రోజు, ఏ కాగితం అని రాసి తిప్పి పంపేస్తుంది. దేశాలు భావించవు, మనుషులు భావిస్తారు, అది నిజమే కానీ పేజీకి ఆరు చోట్ల రాస్తే ఏడుపొస్తుంది. ఆ ఏడుపులోంచే అర్థమైన సంగతి, బిట్‌బుర్గ్‌లో కోల్ కోరుకున్నది తనకి దొరకలేదు. వారానికే నార్త్ రైన్ వెస్ట్‌ఫేలియా ఎన్నికల్లో తన పార్టీ ఘోరంగా ఓడింది. అంతకుముందే, బిట్‌బుర్గ్ అయిన మూడు రోజులకి, మే 8న, వెస్ట్ జర్మనీ ప్రెసిడెంట్ వైట్సెకర్ పార్లమెంట్‌లో మాట్లాడుతూ ఆ తేదీ జర్మన్లకి కూడా విముక్తి రోజే అన్నాడు. ఆయన స్వయంగా హిట్లర్ సైన్యంలో ఆఫీసర్‌గా పనిచేసినవాడు, ఆయన తండ్రికి నూరెంబర్గ్ యుద్ధ నేరాల విచారణలో శిక్ష పడింది, ఆయన నోటి నుంచి రావడం వల్ల దానికి ఆ బరువు. ఇప్పుడు అందరికీ గుర్తున్నది ఆ స్పీచే, దానికి అమెరికన్ ప్రెసిడెంట్ పక్కన నిలబడాల్సిన అవసరం రాలేదు.

ఇక మిగిలింది చివరి చాప్టర్. 1994లో డీ డే 50 ఏళ్ళప్పుడు కూడా కోల్ లేడు. 2004లో ఫ్రాన్స్ ప్రెసిడెంట్ షిరాక్ పిలిస్తే గెర్హార్డ్ ష్రోడర్ వెళ్ళాడు, డీ డే వేడుకకి వెళ్ళిన మొదటి జర్మన్ ఛాన్సలర్. ఇరాక్ యుద్ధం మీద బుష్‌తో ఫ్రాన్స్, జర్మనీ రెండూ గొడవపడిన మర్నాటి ఏడాది అది, అందులోనూ రీగన్ చనిపోయింది ముందు రోజే, జూన్ 5న. ష్రోడర్ అక్కడికి దగ్గర్లోనే 21,000 మంది ఉన్న లా కాంబ్ జర్మన్ తోటకి వెళ్ళలేదు, అక్కడా ఎస్‌ఎస్ వాళ్ళున్నారు. రాన్‌విల్‌లో బ్రిటిష్ వాళ్ళ తోటకి వెళ్ళాడు, అందులో ఒక పక్కన జర్మన్ సమాధులు కూడా ఉన్నాయి. బిట్‌బుర్గ్ పాఠం ఎవరో ఒకరు చదివి ఈ చోటు ఎంచారని నాకు గట్టిగా అనుమానం. ఆ మెమో బెర్లిన్‌లో ఏదో ఒక ఫైల్లో ఎర్ర గీతో పచ్చ గీతో పడి ఉంటుంది. ముప్ఫై ఏళ్ళ లెక్క ప్రకారం అది తెరిచేది 2035 దగ్గర్లో. ముందుగా చూడనివ్వమని అప్లికేషన్ పెట్టుకునే వీలుంది, పెట్టా, జవాబు రాలేదు. డిఫెన్స్, అంటే థీసిస్ మీద ఆఖరి మౌఖిక పరీక్ష, మాత్రం వచ్చే వసంతంలో, కాబట్టి ప్రస్తుతానికి ఆ చాప్టర్ పేపర్ కటింగ్‌లతోనూ, ఆ రోజుల్లో అక్కడ పనిచేసి ఇప్పుడు రిటైరై ఫోన్ ఎత్తే నలుగురైదుగురితోనూ నడిపిస్తున్నా.